పసుపు హౌస్ మూసేసిన ఏడాది

ఆ ఊరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చేరిన ప్రతి పిల్లకీ రెండు ఇంటిపేర్లు. ఒకటి పుట్టుకతో వచ్చింది. రెండోది ఆరో తరగతిలో అడుగుపెట్టిన రోజున డ్రిల్లు మాస్టారు చొక్కాకి గుచ్చిన రంగు బ్యాడ్జీ. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ. ఆటపాటల పోటీలకని పిల్లల్ని పంచిన నాలుగు 'హౌసులు', అంటే జట్లు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అదొక్కటే పెద్దబడి. ఎక్కడెక్కడినుంచో బస్సుల్లో వచ్చే పిల్లలు మొదటి రోజు ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ బిక్కుబిక్కుమంటూ నిలబడేవాళ్ళు. వారం తిరిగేసరికి "మా ఎర్రోళ్ళు", "మీ నీలపోళ్ళు" అంటూ పుట్టినప్పటినుంచీ అదే కులగోత్రమన్నట్టు కొట్టుకునేవాళ్ళు.

పసుపు హౌస్‌కి టీచరు సైన్స్ మేడమ్. ఆ హౌస్‌కి షీల్డు వచ్చిన జ్ఞాపకం బడిలో ఎవరికీ లేదు. దానికి తోడు పేరుతో ఒక తంటా. "ఏ హౌస్ నాన్నా?" అని అడిగితే కొత్త పిల్లలు "పచ్చండీ" అనేవాళ్ళు. "ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?" అంటే నోరు తెరిచి చూసేవాళ్ళు. ప్రతి ఏడూ సగంమంది తప్పు వరసలో నిలబడటం, ఆకుపచ్చ హౌస్ చూసే లెక్కల మేడమ్ వాళ్ళని రెక్క పట్టుకుని తీసుకొచ్చి "మీ సరుకు మా గోడౌన్‌కి వచ్చింది, తీసుకోండి" అనడం మామూలే.

హౌస్ సమావేశాలు వారానికోసారి, ఆఖరి పీరియడ్‌లో జరిగేవి. పసుపు హౌస్ పిల్లలు సైన్స్ ల్యాబులో చేరేవాళ్ళు. ఎత్తు స్టూళ్ళమీద కాళ్ళు ఊపుకుంటూ, సింకుల మధ్య మోచేతులు ఆనించుకుని కూర్చునేవాళ్ళు. సైన్స్ మేడమ్ ఎవర్నీ బలవంతాన లేపి మాట్లాడించేది కాదు. నోరు పెగలక నిలబడిపోయిన పిల్లతో, "తొందరేం లేదు. నువ్వు మొదలుపెట్టినప్పుడే మొదలు" అనేది. అని నిజంగానే ఆగేది. గంట కొట్టినా సరే. పిల్లలు ఆమె కోసం ప్రాణం పెట్టేవాళ్ళు. గెలిచేవాళ్ళు మాత్రం కాదు.

ఆ ఏడాది బడులు తెరిచిన కొత్తలో స్టాఫ్ మీటింగు పెట్టింది హెడ్ మేడమ్.

"రైల్వే జంక్షన్ దగ్గర కొత్త బడి వచ్చాక రెండు బస్సుల పిల్లలు అటే వెళ్ళిపోయారు," అంది, కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చుకుని. "నాలుగు జట్లు కట్టడానికి పిల్లలు చాలట్లేదు. పోయినేడు పసుపు హౌస్‌కి ఒకే అమ్మాయి పరుగెత్తింది, దూకింది, ఒగరుస్తూనే వెళ్ళి పాట కూడా పాడింది."

"బాగానే పాడిందిగా," అంది సైన్స్ మేడమ్.

అందరూ నవ్వారు. హెడ్ మేడమ్ కూడా నవ్వి, ఆ నవ్వు పూర్తిగా పోకముందే, "మూడు హౌసులు చాలు. పసుపు తీసేద్దామనుకుంటున్నాను," అంది.

సైన్స్ మేడమ్ తాగుతున్న టీ బల్లమీద పెట్టేసింది. "పసుపే ఎందుకండీ? ఎప్పుడూ చివర ఉంటామనా?"

"అందుకు కాదు. మీరైతే పిల్లలకి నచ్చజెప్పగలరు. మిగతా ముగ్గురిలో ఎవరి హౌస్ ముట్టుకున్నా యుద్ధమే."

అది మెచ్చుకోవడమో, వాత పెట్టడమో ఆమెకి అర్థం కాలేదు. ఎవరైనా అడ్డుపడతారేమోనని చుట్టూ చూసింది. డ్రిల్లు మాస్టారు మెడలో విజిలు సర్దుకున్నాడు. లెక్కల మేడమ్ ఆమె చేతిమీద చెయ్యి వేసింది గానీ నోరు విప్పలేదు.

పిల్లలకి చెప్పే రోజున ఆమె రెండుసార్లు బోర్డు తుడిచింది. అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డు. ఏడుస్తారేమో, గొడవచేస్తారేమో అని రాత్రంతా మాటలు కూర్చుకుంది. తీరా చెప్పాక కొందరు నిజంగానే ఏడ్చారు. కానీ వెనక స్టూళ్ళమీది ఎనిమిదో తరగతి మగపిల్లలు కొందరు మోచేతులతో పొడుచుకుంటూ, "ఒరేయ్, ఎరుపైతే షీల్డు మనదేరా!" అని గుసగుసలాడటం ఆమె చెవిన పడింది. పిల్లలు పిల్లలే, అనుకుంది. అనుకున్నా, లోపలెక్కడో చురుక్కుమంది.

పసుపు హౌస్ కెప్టెన్ చెయ్యెత్తాడు. "మరి మీరే హౌస్ మేడమ్?"

ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు. "నేనా..." అని నవ్వబోయింది. "నాకింక హౌసేమీ ఉండదు నాన్నా."

గుసగుసలాడిన మగపిల్లలు కూడా తలలు దించుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో పంపకాల మాట మొదలైంది. పసుపు పిల్లల్లో ఎవరు ఏ హౌస్‌కి వెళ్ళాలో తేల్చే పని సైన్స్ మేడమ్‌కే అప్పగించారు. వాళ్ళ గుణగణాలు ఆమెకే తెలుసు కనక. ఆమె ముఖం చూసి డ్రిల్లు మాస్టారికి జాలేసినట్టుంది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. నీలం హౌస్ ఆయనది. ఆ హౌస్ కెప్టెన్ స్వయానా సైన్స్ మేడమ్ కూతురు. తొమ్మిదో తరగతి. ఎత్తులో తల్లిని ఎప్పుడో దాటేసినా ఇంట్లో ఇంకా బుల్లే.

"మీరేం బెంగ పెట్టుకోకండి మేడమ్. మీ పిల్లల్ని మా హౌస్‌లో కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాం. మీ అమ్మాయి ఉందిగా! ఆరో తరగతి అయిపోయాక నా దగ్గరికొచ్చి, 'సార్, నన్ను మీ హౌస్‌లోకి తీసుకుంటారా' అని అడిగింది చూడండీ, ఇంతుండేది అప్పుడు," అని నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "అప్పుడే అనుకున్నా, ఈ పిల్ల పైకొస్తుందని. మీకు గుర్తుండే ఉంటుంది."

"ఆఁ, గుర్తుంది," అంది సైన్స్ మేడమ్.

ఆమెకి గుర్తున్నది వేరు. బుల్లి ఆరో తరగతి పసుపు హౌస్‌లోనే చదివింది. ఏడాది గడిచాక హెడ్ మేడమ్ పిలిచి, టీచర్ల పిల్లలు సొంత హౌస్‌లో ఉంటే పక్షపాతం అంటారు, అమ్మాయిని నీలానికి మారుస్తున్నాను అంది. అది నియమమనే సైన్స్ మేడమ్ నమ్మింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, "పోనీలే తల్లీ, నియమం కదా, మనం ఏం చేస్తాం" అని ఓదార్చింది కూడా. బుల్లి తల దించుకుని విన్నది. ఏడుపు ఆపుకుంటోందని తల్లి అప్పుడు అనుకుంది.

వాళ్ళ ఇల్లు మేడమీద. కింద భర్త నడిపే కళ్ళద్దాల కొట్టు. సైన్స్ మేడమ్ ఆ రోజు మేడెక్కకుండా తిన్నగా కొట్లోకి వెళ్ళింది. ఆయన దీపం కింద వంగి, ఎవరిదో ఫ్రేముకి సన్నటి మర బిగిస్తున్నాడు.

"బుల్లి అడిగి మరీ హౌస్ మారిందట. మీకు తెలుసా?"

ఆయన చెయ్యి ఆగింది. మర జారి బల్లమీద పడింది. దాన్ని వెతకడంలో మునిగిపోయినట్టు నటించడానికి కాసేపు ప్రయత్నించాడు గానీ సాగలేదు.

"తెలుసు."

"తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదా?"

"ఒట్టేయించుకుంది."

"పదకొండేళ్ళ పిల్ల ఒట్టేయించుకుంటే నోరు కుట్టేసుకున్నారా?"

"నువ్వు మాత్రం ఎప్పుడైనా అడిగావా?"

"తెలిస్తే కదండీ అడగడానికి!"

ఆయన ఆలోచించాడు. "అదీ నిజమే," అన్నాడు.

"సరే, ఎందుకట?"

"అది నాకూ చెప్పలేదు. దాన్నే అడుగు."

ఊళ్ళోవాళ్ళందరికీ చూపు సరిచేసే మనిషి, ఇంట్లో సంగతి చూసీ చూడనట్టు ఊరుకున్నాడని ఆమెకి ఒళ్ళు మండింది. అడగడానికి మేడెక్కింది. బుల్లి నేలమీద బోర్లా పడుకుని, ఏదో రాసుకుంటూ, పెన్ను కొరుకుతోంది. "పెన్ను నోట్లోంచి తియ్! ఆ పుస్తకాలేంటి అలా చిందరవందరగా?" అన్న మాటే సైన్స్ మేడమ్ నోట్లోంచి వచ్చింది. అసలు మాట లోపలే ఉండిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. అడిగితే కూతురు ఏం చెబుతుందోనన్న భయం, అడక్కపోతే వచ్చే మంట, రెండూ కలిసి ఆమెని వేపుకుతింటున్నాయి.

ఆ మంటలోనే పంపకాలు పూర్తిచేసింది. పాడే అమ్మాయిని, చురుకైనవాళ్ళని ఎరుపుకీ ఆకుపచ్చకీ ఇచ్చింది. నీలానికి అల్లరి మూకని రాసింది. వాళ్ళతోపాటు ఏడో తరగతిలో ఒక పిల్లని కూడా. ఆ పిల్ల బళ్ళో గొంతెత్తడం ఎవరూ వినలేదు. టీవీ రిమోటులో గొంతు ఆపేసే మీట పేరు పెట్టి పిల్లలంతా 'మ్యూట్' అని పిలిచేవాళ్ళు. ల్యాబులో ఆ పేరు వినపడితే సైన్స్ మేడమ్ ఊరుకునేది కాదు. ఏడాదిపాటు బుజ్జగించగా బుజ్జగించగా ఆ పిల్ల తన దగ్గర మాత్రం రెండు మూడు మాటలు మాట్లాడేది. అలాంటి పిల్లని నీలానికి రాస్తున్నప్పుడు, 'చూద్దాం, మీ గొప్ప హౌస్ ఏం చేస్తుందో' అన్న ఆలోచన ఆమెకి రాలేదంటే అబద్ధం. ఆ వెంటనే సిగ్గేసింది. కానీ మార్చలేదు.

కొత్త హౌసులు మొదటిసారి కలిసే రోజు. అందరికీ ఏదో ఒక గది ఉంది. సైన్స్ మేడమ్ ల్యాబు ఖాళీగా ఉంది. కాసేపు సీసాలు సర్దింది. మనసు నిలవక బయటికొచ్చింది. ఆకుపచ్చ హౌస్ గదిలోంచి కేరింతలు. పసుపునుంచి వెళ్ళినవాళ్ళలో ఒకడు, "మేం ముందునుంచీ పచ్చే మేడమ్, ఇప్పుడు ఆకు తొడుక్కున్నాం అంతే!" అంటున్నాడు. లెక్కల మేడమ్ పకపకా నవ్వుతోంది. బాగానే కలిసిపోతున్నారన్నమాట. సంతోషించాలి. కొంత సంతోషించింది కూడా.

వరండా చివర నీలం హౌస్ గది. డ్రిల్లు మాస్టారు ఇంకా మైదానంనుంచి రాలేదు. లోపల బుల్లి ఒక్కతే నడిపిస్తోంది. సైన్స్ మేడమ్ కిటికీకి ఈ పక్కనే ఆగిపోయింది. దొంగచాటుగా వినడం తప్పని రోజుకొకరికైనా చెప్పే మనిషి, గోడకి ఆనుకుని నిలబడింది.

కొత్తవాళ్ళంతా లేచి తమ గురించి ఒక మాట చెప్పాలి. అల్లరి మూక చెప్పింది. గది గొల్లుమంది. బుల్లి కూడా నవ్వి, వాళ్ళని ఒకచోట ఉండనివ్వకుండా ఒక్కొక్కణ్ణీ ఒక్కో పాత పిల్లవాడి పక్కన కూర్చోబెట్టింది. తర్వాత ఏడో తరగతి పిల్ల వంతు.

కుర్చీ కాలు నేలకి రాసుకున్న చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఎవరో "మ్యూట్" అన్నారు. ఇకిలింపులు మొదలయ్యాయి.

"ఎవరది?" అంది బుల్లి. గొంతు పెంచలేదు. ఇకిలింపులు ఆగిపోయాయి. తర్వాత ఇంకా మెల్లిగా, "తొందరేం లేదు. నువ్వు మొదలుపెట్టినప్పుడే మొదలు."

సైన్స్ మేడమ్‌కి గోడ కాస్త కదిలినట్టనిపించింది. ఆ మాట తనది. ఆ మాట వెనక ఆగడం కూడా తనదే. బుల్లి తొందరపెట్టలేదు, పక్కవాళ్ళని లేపలేదు, పోనీలే కూర్చో అని జాలిపడలేదు. గదంతా ఎదురుచూసింది. చివరికి ఆ పిల్ల ఏం చెప్పిందో కిటికీ ఇవతలికి వినపడలేదు. అసలు చెప్పిందో లేదో కూడా తెలియదు. "సరే, కూర్చో. తర్వాత ఎవరు?" అన్న బుల్లి గొంతు మాత్రం వినపడింది.

ఆ మాట ఇది ఎక్కడ నేర్చుకుంది? ఇంట్లో కాదు. ఎంత వెతుక్కున్నా ఇంట్లో బుల్లితో ఆ మాట అన్న సందర్భం ఒక్కటీ తగల్లేదు. ఇంట్లో తను అనేవి వేరు. తొందరగా తెములు. ఎన్నిసార్లు చెప్పాలి. నసగకుండా చెప్పు. నాకు ఓపిక లేదు, తర్వాత చూద్దాం.

బడి వదిలాక ఆమె ల్యాబు తలుపు వేస్తుంటే బుల్లి వచ్చింది. బళ్ళో ఉన్నంతసేపూ తల్లిని 'మేడమ్' అనే పిలిచేది. ఇద్దరూ పెట్టుకున్న ఒప్పందం అది.

"మేడమ్, ఆ ఏడో తరగతి అమ్మాయి గురించి అడుగుదామని. దేనికి భయపడుతుంది? ఏం చేస్తే బాగుంటుంది?"

"నీకు తెలిసినట్టే ఉందిగా. నేను విన్నాను."

బుల్లి ముఖం ఎర్రబడింది. "కిటికీ దగ్గర నిలబడ్డావా?"

"నిలబడ్డాను." సైన్స్ మేడమ్ తాళం చేతిలోనే పట్టుకుని స్టూలుమీద కూలబడింది. ఇన్నాళ్ళూ అడగలేనిది అప్పుడు అడిగేసింది. "నా హౌస్‌లోంచి అడిగి మరీ వెళ్ళిపోయావట. ఎందుకు బుల్లీ?"

బుల్లి తలుపు వైపు చూసింది. పారిపోతుందేమోననుకుంది తల్లి. పిల్ల మాత్రం ఎదురుగా ఇంకో స్టూలుమీద కూర్చుంది.

"నాన్న చెప్పాడా?"

"డ్రిల్లు మాస్టారు. నాకు తెలుసనుకుని."

సైన్స్ మేడమ్‌కి తొందరపెట్టాలనిపించింది. పెదవి బిగబట్టుకుంది.

"ఆరో తరగతిలో వారం వారం ఇక్కడ కూర్చునేదాన్ని కదా," అంది బుల్లి చివరికి. "అక్కడ, ఆ సింకు పక్కన. నువ్వు వీళ్ళందరితో ఎంత బాగా మాట్లాడేదానివో! ఒకమ్మాయి వాళ్ళ కుక్క తప్పిపోయిందని చెప్తుంటే ఎంతసేపు విన్నావో తెలుసా? బస్సు వెళ్ళిపోతోందని హారన్ కొడుతున్నా విన్నావు. అదే రోజు ఇంటికెళ్ళి నేనేదో చెప్పబోతే, తల పగిలిపోతోంది, కాసేపు మాట్లాడకు అన్నావు."

"బుల్లీ..."

"నేను తిట్టట్లేదమ్మా. నువ్వు అలిసిపోతావు, నాకు తెలుసు. కానీ అప్పుడు చిన్నదాన్ని. వాళ్ళమీద కుళ్ళుకునేదాన్ని. ఒకసారి కుక్కపిల్ల అమ్మాయి పెన్సిల్ బాక్స్ కూడా దాచేశాను. రోజూ చూసి కుళ్ళుకునే బదులు చూడకుండా ఉంటే నయం కదా అనిపించింది. అందుకే అడిగాను. హెడ్ మేడమ్‌ని నీకు చెప్పొద్దని కూడా నేనే బతిమాలాను."

తల్లికి సంజాయిషీలు నోటిదాకా వచ్చాయి. తరగతులు, దిద్దాల్సిన పేపర్లు, ఇంటిపని, ఒక్క మనిషి. అన్నీ నిజాలే. వాటిలో ఒక్కటీ ఆ ఆరో తరగతి పిల్లకి పనికొచ్చేది కాదు. "ఆ రోజు ఏం చెప్పబోయావు?" అని మాత్రం అడిగింది.

"గుర్తు లేదు," అంది బుల్లి. ఆ జవాబు సైన్స్ మేడమ్‌కి ఏ నిష్ఠూరంకన్నా ఎక్కువగా తగిలింది.

తర్వాత ఆమే చెప్పేసింది. "ఆ ఏడో తరగతి పిల్లని కోపంలో నీ హౌస్‌కి రాశాను. నీమీద కోపం."

బుల్లి నోరు తెరిచి చూసి, ఒక్కసారిగా నవ్వేసింది. "అమ్మా! నువ్వా? మరి ఆ అల్లరి మూక?"

"వాళ్ళూ అంతే."

"ఆటల్లో వాళ్ళే కదమ్మా గెలిపించేది! కోపంలో మంచి బేరం ఇచ్చావు."

ఆ పిల్ల గురించి తెలిసినదంతా చెప్పింది సైన్స్ మేడమ్. ముందువరసలో కూర్చోబెట్టొద్దని, చేతికి ఏదైనా పని ఇస్తే కుదురుగా ఉంటుందని, ముఖంలోకి కాకుండా పక్కకి చూస్తూ మాట్లాడితే జవాబిస్తుందని. బుల్లి శ్రద్ధగా వింది. ఇద్దరూ కలిసి నడిచి ఇల్లు చేరారు.

ఆ తర్వాత అంతా తీరిపోయిందనుకుంటే పొరపాటే. హౌస్ లేకపోవడంతో సైన్స్ మేడమ్‌కి సాయంత్రాలు మిగిలాయి. ఆ మిగిలిన ఓపికంతా ఒక్కసారిగా కూతురిమీద గుమ్మరించింది. "ఈ రోజు నీకు ఎలా అనిపించింది?" అని మెత్తగా అడిగేది. రెండోరోజే బుల్లి దణ్ణం పెట్టేసింది. "అమ్మా, ఆ టీచర్ గొంతు వద్దు. నువ్వు నువ్వుగానే ఉండు. కావాలంటే కాస్త తిట్టు కూడా." కొట్లోంచి పైకొచ్చిన భర్త ముసిముసిగా నవ్వితే, ఆయన్ని తిట్టింది సైన్స్ మేడమ్. ఎవరో ఒకర్ని తిట్టాలి కదా.

ఆటలపోటీల రోజున నీలం రెండో స్థానంలో నిలిచింది. ఏడో తరగతి పిల్ల పరుగెత్తలేదు, అరవలేదు. గెలుపు గీత దగ్గర తాడు పట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని నిలబడింది. సైన్స్ మేడమ్ ఏ రంగూ లేకుండా టీచర్ల కుర్చీల్లో కూర్చుని, తన పాత పిల్లలు ఏ హౌస్‌లో ఉన్నా చప్పట్లు కొట్టింది. ఒక పరుగులో మూడు హౌసులకీ కొడుతుంటే, పక్కనున్న లెక్కల మేడమ్, "ఓడిపోయే గండం మీకే లేదు పొండి," అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బుల్లి ధుమధుమలాడుతూ ఇంటికొచ్చింది. ఎర్ర హౌస్ కెప్టెన్ అందరిముందూ ఏదో అన్నాడట. వంటింటి గట్టుమీద కూర్చుని మొదలుపెట్టింది. బీన్స్ తరుగుతున్న సైన్స్ మేడమ్ సగం విని, "ముందు నోరు జారింది నువ్వే కదా!" అంది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. అప్పటికే బుల్లి గట్టు దిగి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తల్లి చేతులు తుడుచుకుని వెళ్ళి తలుపు బయట నిలబడింది.

"మళ్ళీ చెప్పవే. ఈసారి మధ్యలో రాను."

"మూడ్ పోయింది," అంది లోపలినుంచి.

"సరే."

వెనక్కొచ్చి మళ్ళీ కత్తి అందుకుంది. తరగడం మాత్రం మానేసింది. ఆ టకటకలో అడుగుల చప్పుడు వినపడదేమోనని. చాలాసేపటికి బుల్లి వచ్చి, తల్లి ముఖంలోకి చూడకుండా బుట్టలోంచి ఒక బీన్సు కాయ తీసి ఈనె లాగింది.

"అసలు వాడు ముందు ఏమన్నాడో నీకు తెలియదు," అంది.

"తెలియదు," అంది సైన్స్ మేడమ్.

"అయితే విను," అని బుల్లి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.